కుట్టని డాక్టరమ్మ

డాక్టరమ్మ ఒక్క చూపు చూస్తే చాలు, తుపాకీ గుండు ఒంట్లోంచి తనంతట తానే బయటికొచ్చి, పళ్ళెంలో టంగుమని పడి, క్షమాపణ చెప్పుకునేదని ఆమె బావ ఊరంతా చాటేవాడు. అతను అంబులెన్సు డ్రైవరు. మరదలి గొప్పలు చెప్పడంలో అతన్ని మించినవాడు లేడు. ఎదురుపడితే మాత్రం ఆమెను ఆటపట్టించకుండా మంచినీళ్ళు కూడా ముట్టడు.

యుద్ధం రాగానే ఒక బడిని ఆసుపత్రిగా మార్చి డాక్టరమ్మను అక్కడ వేశారు. రెండు బల్లలు కలిపితే అదే ఆపరేషన్ టేబులు. నల్లబల్ల మీద లెక్కలు ఇంకా చెరపలేదు. గాయం కడగడం, వెంటనే కుట్టేయడం అక్కడి పద్ధతి. పెద్ద డాక్టరు కుట్లు చూస్తే దర్జీలు సిగ్గుపడాలి. కానీ ఆ అందమైన కుట్ల కిందే చీము పట్టి కాళ్ళు కుళ్ళిపోయేవి.

ఒకసారి దారం అయిపోయింది. గత్యంతరం లేక కొందరి గాయాల మీద గాజుగుడ్డ కప్పి ఊరుకున్నారు. దారం వచ్చేసరికి చూస్తే ఆ గాయాలే చీము లేకుండా ఎర్రగా, తేటగా ఉన్నాయి. అందరూ అదృష్టమన్నారు. అదృష్టం ఇంతమందికి ఒకేసారి ఎలా పట్టిందా అని డాక్టరమ్మ మంచం మంచానికీ తిరిగి కట్లు విప్పి చూసింది. అప్పట్నుంచీ చచ్చిన కండ కోసేసి, గాయాన్ని తెరిచే ఉంచి, శుభ్రంగా ఉందని తేలాకే కుట్టేది. "కుట్టని డాక్టరమ్మ" అని తోటివాళ్ళు నవ్వుకున్నారు.

ఓ మధ్యాహ్నం బావనే స్ట్రెచర్ మీద మోసుకొచ్చారు. ఎడమ పిక్క చీలిపోయింది.

"కాలు తీసేస్తావా ఏంటే? రేపట్నుంచి క్లచ్ దేంతో తొక్కాలి, మూతితోనా?"

"మూతికేం తగల్లేదు, బానే ఆడుతోంది," అంటూ ఆమె కత్తెర అందుకుంది.

పెద్ద డాక్టరు వచ్చి చూశాడు. "కుట్టెయ్యమ్మా. లేదంటే మోకాలి కింద తీసేద్దాం. సొంత బావ మీదా నీ ప్రయోగాలు?"

"పరాయివాళ్ళకి మంచిదైనప్పుడు బావకి చెడ్డదెలా అవుతుంది సార్?"

"ఈ కాలు చెడితే ఇక్కడ మళ్ళీ కత్తి పట్టనివ్వను."

"సరే సార్."

ఆయన వెళ్ళాక బావ గొంతు తగ్గింది. "మీ అక్కకి ఏం చెప్తావే?"

"నువ్వు కదలకుండా పడుకుంటే ఏం చెప్పక్కర్లేదు."

రోజూ కట్టు విప్పి, ఆ గుడ్డను దగ్గరికి తీసుకుని వాసన చూసేది. బావ కాలు చూసుకునేవాడు కాదు, ఆమె ముక్కునే చూసేవాడు. అది ముడుచుకుందంటే తన కాలూ పోయినట్టే, ఆమె కత్తీ పోయినట్టే. ఒకరోజు ఆమె అదే గుడ్డను పెద్ద డాక్టరు చేతిలో పెట్టింది. ఆయన వాసన చూశాడు, గాయం మీదికి వంగి మరీ చూశాడు. సూదికి తానే దారం ఎక్కించి ఆమెకు అందించాడు. మర్నాటి నుంచి ఆ బడి ఆసుపత్రిలో వచ్చిన గాయాన్ని వచ్చినట్టే కుట్టినవాడు లేడు.

యుద్ధం ముగిశాక ఆమె ఏళ్ళ తరబడి ప్రయోగశాలలో సూక్ష్మజీవుల వెంటపడి, గాలి ఆడకుండా మూసిన గాయంలో అవెలా పెచ్చరిల్లుతాయో నిరూపించింది. అది వైద్యవిద్యార్థులకు పాఠమైంది. ఆమెకు సన్మానం జరిగిన రోజు బావ మైకు లాక్కుని, ప్యాంటు మడిచి మచ్చ చూపించాడు.

"మా మరదలు నిలబెట్టిన కాలు ఇది! పందెం గుర్రమైనా దీని వెనకే రావాలి!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. డాక్టరమ్మ లేచి మైకు తీసుకుంది.

"గుర్రమేం కాదు. కుంటుతాడు. మెట్లెక్కాలంటే రెయిలింగ్ పట్టుకోవాలి."