మూగదని నేను తేల్చిన వైర్‌లెస్ సెట్టు

ఆ రోజుల్లో చదువు కొత్తగా తలకెక్కినవాడికి ఎదురుగా ఉన్న గోడ కూడా కనపడేది కాదంటారు. నాకైతే గోడ అవతల మాట్లాడే మనిషి గొంతు కూడా వినపడలేదు. డెబ్బైల మొదట్లో, తుంగభద్ర కాలువ మీద, పోతనాళ దగ్గరి వైర్‌లెస్ కేంద్రానికి నన్ను కొత్త ఇంజినీరుగా వేశారు. రాయచూరులో పుట్టి, హైదరాబాదులో చదివి, కంప్యూటరును కళ్ళారా చూసి వచ్చినవాణ్ణి. (చూశాను, అంతే. అద్దాల గది బయట నిలబడి.) అక్కడ సెట్టు నడిపే పెద్దమనిషిని అందరూ చిచ్చా, అంటే చిన్నాన్న, అనేవారు. మా తెలుగాయనే, నిజాం కాలంనుంచి నౌకరీలో ఉండడంతో ఆ ఉర్దూ పిలుపు ఖాయమైపోయింది. రోజూ పొద్దున కాలువలో నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో ఆయన సెట్టులో చెబితేనే డ్యాం దగ్గర గేట్లు ఎంత ఎత్తాలో తేలేది. ఆయనకు కాలువ కింద రెండెకరాల వరి ఉంది, పింఛనుకు ఇంకా రెండేళ్ళుంది.

సెట్టు లోపల గోరంత స్ఫటికపు బిళ్ళ ఉండేది. క్రిస్టల్ అంటారు. కరెంటు తగిలితే అది క్షణానికి లక్షలసార్లు వణుకుతుంది, ఆ వణుకు మీద ఎక్కి మన మాట పోతుంది. ఆ సర్క్యూట్‌ను చూడగానే నాకు దురద పుట్టింది. తీగ ముట్టకుండా, తీగలతికే సోల్డరు వాసన తగలకుండా, అంతా లెక్కల్లోనే నడిపించి చూడాలని. నెల రోజులు సమీకరణాలు రాసి, వాటిని కంప్యూటరుకు తెలిసే ప్రోగ్రాంగా మార్చి, హైదరాబాదులో కంప్యూటరు గదిలో పనిచేసే మా బావకి పంపాను. బావ వాటిని అట్ట కార్డులమీద బెజ్జాలుగా కొట్టించి, యంత్రానికి తినిపించి, జవాబు కాగితాల కట్టను బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు. విప్పి చూస్తే సున్నాలు. మొదటి పేజీనుంచి చివరి పేజీ దాకా సున్నాలే. అంటే ఈ సర్క్యూట్‌లో వణుకు పుట్టదు, సెట్టు పలకదు.

బుర్ర ఉన్నవాడైతే తన లెక్క తప్పనుకుంటాడు. నేను సెట్టే తప్పనుకున్నాను. పక్క గదిలో చిచ్చా అదే సెట్టులో డ్యాం ఆపరేటరుతో నీళ్ళ సంగతి, మధ్యలో ఆ ఆపరేటరు కోడలి పురుడు సంగతి మాట్లాడుతుండగానే, ఇవతల కూర్చుని, ఈ సెట్టు పలికే అవకాశం లేదని ఇంగ్లీషులో మూడు పేజీల రిపోర్టు రాసి మా పై అధికారి పెద్ద సారుకి పంపించాను. (సంతకం కింద డిగ్రీ కూడా రాసుకున్నాను.)

పదిహేను రోజులకి జవాబు చిచ్చా పేరున వచ్చింది. ఆయనకు ఇంగ్లీషు రాదు, నా చేతికే ఇచ్చి చదవమన్నాడు. సోమవారం పెద్ద సారు స్వయంగా వచ్చి చూస్తారట. సెట్టు పలకకపోతే కేంద్రం మూసేసి, చిచ్చాను ఊరుగాని ఊళ్ళో గోదాము కాపలాకి వేస్తారట.  చిచ్చా ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పలకదని ఎవరు రాసిండ్రు?"

"నేనే చిచ్చా."

"రోజూ వింటనే ఉన్నవ్ కద కొడకా."

 అన్నం సయించక, ఆ ప్రోగ్రాం ముందేసుకుని కూర్చుంటే ఆదివారం మధ్యాహ్నానికి తప్పు దొరికింది. నిజమైన సర్క్యూట్‌లో ఎక్కడో ఒకచోట రవంత కదలిక ఎప్పుడూ ఉంటుంది. క్రిస్టల్ దాన్ని పట్టుకుంటే, సర్క్యూట్ పెంచుకుంటూ పోతుంది. నేనేమో మొదట్లోనే అన్నిచోట్లా సున్నా పెట్టి వదిలేశాను. సున్నాను ఎంత పెంచినా సున్నాయే కదా. పాపం ఆ యంత్రం నేను చెప్పిందే నాకు తిరిగి చెప్పింది, మా బావ చేత అన్ని కార్డులు కొట్టించుకుని.

సోమవారం పెద్ద సారు జీపు దిగారు. తప్పు ఒప్పుకోవాలనే నిలబడ్డాను గానీ, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని జంకాను. చిచ్చా సెట్టు వేశాడు. అటునుంచి డ్యాం గొంతు ఖంగుమంది. ఇదేమిటయ్యా అన్నట్టు సారు నావైపు తిరిగారు. నేను నోరు తెరిచేలోపు చిచ్చా అందుకున్నాడు.

"మస్తు సతాయిస్తుండె సార్. ఈ ఇంజినీరు సాబు చెప్పినంక క్రిస్టల్ తీసి తుడిచిన. గప్పటిసంది మంచిగ పలుకుతున్నది."

సతాయించిందీ లేదు, తుడిచిందీ లేదు. సారు నా భుజం తట్టి, చదువుకున్నవాడు ఉంటే ఇదీ లాభం అని చిచ్చాకి చెప్పి మరీ వెళ్ళారు. కేంద్రం నిలిచింది, చిచ్చా అక్కడే ఉండిపోయాడు, నా ఉద్యోగమూ దక్కింది.

జీపు దుమ్ము అణిగాక, ఎందుకట్ల చెప్పినవని అడిగాను. సెట్టు పలికితే నా నౌకరీ ఎట్లనన్న నిలబడుతది, నీదే పోతుండె అన్నాడు, అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా. నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం నీళ్ళ లెక్క నన్నే చెప్పమని మైకు చేతికిచ్చాడు. చెప్పాను, అదీ తప్పే చెప్పాను, వెనకనుంచి ఆయన సరిదిద్దాడు.

తర్వాత నా ఉద్యోగకాలమంతా అలాంటి సర్క్యూట్లను కంప్యూటర్లలో నడిపిస్తూనే గడిపాను. పెద్ద సారుకి మాత్రం నిజం ఎన్నడూ చెప్పలేదు. ఆయన నా గురించి రాసిన మంచిమాట కాగితం ఇప్పటికీ పెట్టెలో ఉంది. తీసి చూసుకుంటే నవ్వొస్తుంది, సిగ్గేస్తుంది, చిచ్చా మీద బెంగ కలుగుతుంది. నా బతుకులో నాకు దక్కిన మొదటి మెప్పు, పలుకుతున్న సెట్టును పలికించినందుకు.