ఎదుటి షాపు కాగితం

సత్యవేణి చేతిలో ఎప్పుడూ ఒక ఆకుపచ్చ రెగ్జిను సంచి ఉంటుంది. అందులో డబ్బుల కంటే కాగితాలే ఎక్కువ. పేపరుతో పాటు వచ్చే షాపుల కరపత్రాలు, చుట్టుపక్కల వాళ్ళు కొన్న వస్తువుల బిల్లులు, షాపువాళ్ళ చేత ధర రాయించుకున్న చీటీలు. మామిడికుదురు నుంచి అమలాపురం వెళ్ళి ఏ వస్తువు కొనాలన్నా ఆవిడ ముందు ఒక షాపులో ధర రాయించుకుంటుంది. ఆ కాగితం పట్టుకుని ఎదుటి షాపుకి వెళుతుంది. గొంతు పెంచదు. బేరమన్న మాటే ఎత్తదు.

"ఏవండీ, అవతలాళ్ళు ఇంతకిస్తామని రాసిచ్చేరండీ. మాకేమో మీ దగ్గర కొనాలని ఉందండీ. ఏం చేయమంటారో మీరే చెప్పండి" అంటుంది.

షాపాయన కాగితం వంక చూస్తాడు, ఆవిడ వంక చూస్తాడు, కాసేపు మెడ గోక్కుంటాడు. చివరికి "ఆయ్, ఆ రేటుకే తీసుకెళ్ళండమ్మా" అంటాడు. కుక్కరు, మిక్సీ, బీరువా అన్నీ ఆ ఇంటికి అలాగే వచ్చాయి. వీధిలో ఎవరింట్లో పెళ్ళైనా సామాను కొనడానికి ముందు సత్యవేణినే పిలుస్తారు.

వీధి వాళ్ళు ఈ కబుర్లు చెప్పుకుంటుంటే హిమజకి కడుపులో మండుతుంది. సత్యవేణి ఆమె తోడికోడలు. బావగారు గణపతి మస్కట్‌లో డ్రైవరు. హిమజ భర్త సత్యప్రసాద్ ఊళ్ళోనే కొబ్బరినూనె మిల్లులో సూపర్‌వైజరు. డాబా ఒకటే. కింద వాటాలో సత్యవేణి, అత్తగారు బుల్లెమ్మ ఉంటారు. పై వాటా హిమజది. సత్యవేణి కాట్రేనికోనలో పదో తరగతితో ఆపేసింది. హిమజ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. బాబు పుట్టేదాకా అమలాపురంలో కాలేజీ పిల్లలకి పాఠాలు చెప్పింది. అయినా ఇంట్లో ఏ కొనుగోలు మాట వచ్చినా అత్తగారి చూపు కింద వాటా వైపే తిరుగుతుంది.

రెండేళ్ళ కిందట హిమజ సొంతంగా వెళ్ళి ఒక ఫ్యాను కొనుక్కొచ్చింది. వారం తిరక్కుండా సత్యవేణి అదే షాపులో, అదే కంపెనీ, అదే రంగు ఫ్యాను నాలుగు వందల యాభై తక్కువకి తెచ్చింది.

"పెద్దది ఉండగా నువ్వెందుకమ్మా ఎల్లేవు" అంది బుల్లెమ్మ. తిట్టినట్టు కాదు, జాలిపడినట్టు. అదే హిమజకి ఇంకా గుచ్చుకుంది. ఆనాటి నుంచి మంచం మీద వెల్లకిలా పడుకున్నప్పుడల్లా ఆ నాలుగు వందల యాభై రూపాయలు నెత్తి మీద గిరగిరా తిరుగుతున్నట్టే ఉంటుంది.

ఈ వానాకాలం మొదట్లో హిమజ కొడుకు గోపీకృష్ణకి ఆయాసం వచ్చింది. రెండున్నరేళ్ళ పిల్లాడు. అమలాపురంలో పిల్లల డాక్టరు గారు పొగమందు పెట్టించి, "ఇది మళ్ళీ రావచ్చమ్మా. మందు ఆవిరిగా పట్టే మెషీను ఒకటి ఇంట్లో ఉంచుకోండి. వాతావరణం మారుతోంది, ఆలస్యం చెయ్యొద్దు" అన్నారు. అందులో పోసే మందు అప్పుడే రాసిచ్చారు. అది తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టారు. మెషీనే కొనాలి.

"సత్యవేణిని తీసుకెళ్ళు" అంది బుల్లెమ్మ.

"నేను కొంటానండీ అత్తయ్యగారూ" అంది హిమజ.

ఆమె ఊరికే బయల్దేరలేదు. తోడికోడలి పద్ధతిని ఒక ప్రయోగంలా పరిశీలించింది. ఒకటి, కాగితం. రెండు, సమయం. సత్యవేణి ఎప్పుడూ షాపులు తెరిచే వేళకే వెళుతుంది. పొద్దున్నే వచ్చే మొదటి బేరం బోణీ కాబట్టి షాపువాడు దాన్ని పోనివ్వడు. ఇంతే కదా రహస్యం, దీనికి పదో తరగతి కూడా అక్కర్లేదు అనుకుంది హిమజ. ముందు రోజే ఒక షాపుకి వెళ్ళి రెండు వేల వంద అని రాయించుకుంది. మర్నాడు మొదటి బస్సుకి వెళ్ళి, శరభయ్య అనే ముసలాయన మందుల షాపు షట్టరు ఎత్తుతుండగానే మెట్లెక్కింది.

ఆయన అగరొత్తులు వెలిగించి, దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని వచ్చాడు. పెట్టె విప్పాడు. మెషీను ప్లగ్గులో పెట్టి చూపించాడు. అది సన్నగా గుర్రుమంది. ధర రెండు వేల నాలుగు వందలన్నాడు. హిమజ కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

శరభయ్య కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "మంచిదండీ, బోణీ కదా, ఆ రేటే వేస్తాను" అన్నాడు.

పని అయిపోయింది. హిమజ గెలిచింది. పర్సు జిప్పు కూడా తీసింది. సరిగ్గా అప్పుడే ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. ఇంత సులువుగా ఒప్పుకున్నాడంటే ఇంకా తగ్గేవాడే. సత్యవేణి అయితే పద్దెనిమిది వందలకి తెచ్చేది. రెండు వేల వంద అని ఇంట్లో చెబితే అత్తగారు మళ్ళీ అలాగే జాలిగా చూస్తుంది.

"పద్దెనిమిది వందలకి ఇవ్వండి" అంది.

"అంతకి నాకే పడలేదండీ."

"అయితే ఇంకో రెండు చోట్ల చూసి వస్తానండీ."

శరభయ్య ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. "మీ ఇష్టమండీ" అని మెషీను పెట్టెలో సర్దేశాడు. ముందు రోజు కాగితం రాసిచ్చిన షాపులో మెషీన్లు అయిపోయాయన్నారు. మిగతా షాపుల్లో ఎవరూ రెండు వేల మూడు వందలకి కూడా దిగలేదు. శరభయ్య దగ్గరికి తిరిగి వెళ్ళడానికి ఆమెకి కాళ్ళు రాలేదు. ఉత్త చేతులతో బస్సెక్కింది. ఇంటికొచ్చాక మొగుడు అడిగితే "ఇంకా చూస్తున్నాను" అంది. మర్నాడూ అదే మాట అంది. ఫోనులో ధరలు వెతుకుతూ మూడో రోజు కూడా మధ్యాహ్నం చేసింది.

ఆ మధ్యాహ్నం వాన పట్టుకుంది. నిద్రలేచిన గోపీ అన్నం వద్దన్నాడు. హిమజ వాడి చొక్కా పైకెత్తి చూసింది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. ఫోనులో గడియారం పెట్టి లెక్కపెట్టింది. నిమిషానికి యాభై రెండు. ఈ వయసు పిల్లాడికి నలభై దాటకూడదని ఆమెకి తెలుసు. తెలిసి ఉండటం ఎందుకూ పనికి రాలేదు. ఫ్రిజ్ మీద మందుంది, పట్టడానికి మెషీను లేదు. డాక్టరు గారికి ఫోను చేస్తే, "ఇంట్లో మెషీనుందిగా, వెంటనే పెట్టండి. అరగంటలో తగ్గకపోతే తీసుకొచ్చేయండి" అన్నారు. లేదని చెప్పకుండానే ఆమె ఫోను పెట్టేసింది.

పిల్లాణ్ణి ఎత్తుకుని మెట్లు దిగింది. "అక్కా" అంది. పిల్లాడి చొక్కా పైకెత్తి చూపించింది.

సత్యవేణి పిల్లాణ్ణి చూసింది, ఆమెని చూసింది. "కొనలేదా" అని ఒక్క మాట అడిగి, బీరువాలోంచి డబ్బు తీసుకుని, నెత్తి మీద కొంగు వేసుకుని వానలోకి పోయింది. సంచి గుమ్మం పక్కన మేకుకే వేలాడుతోంది. పది నిమిషాల్లో తడిసి ముద్దయి, కొంగులో పెట్టె దాచుకుని వచ్చింది. ఊళ్ళో మెయిన్ రోడ్డు మీద మందుల షాపులో దొరికిందట.

మాస్కు చూసి గోపీ ఏడ్చాడు. "ఒరే, విమానం తోలే వాళ్ళందరూ ఇదే పెట్టుకుంటారు. మీ పెదనాన్నని మస్కట్ నుంచి నువ్వే తీసుకురావాలి, తోలు" అంది సత్యవేణి. వాడు వెక్కుతూనే పెద్దమ్మ ఒళ్ళో కూర్చుని విమానం తోలాడు. హిమజ పక్కన కూర్చుని లెక్కపెడుతూ ఉంది. నలభై ఎనిమిది. నలభై ఒకటి. ముప్ఫై నాలుగుకి వచ్చాక ఆమెకి కన్నీళ్ళు ఆగలేదు.

కాసేపటికి అడిగింది. "ఎంతకిచ్చేరక్కా?"

"అడగలేదు. పెట్టె మీద ఎంతుంటే అంత ఇచ్చేసేను. రెండు వేల ఆరొందలనుకుంటా."

పిల్లాడు బతికి బయటపడ్డ ఆ క్షణంలో కూడా హిమజ లోపల ఏదో చిన్నగా చిటచిటలాడింది. ధర అడక్కుండా కొనడంలోనూ ఈవిడే గెలిచింది.

శరభయ్య షాపు సంగతంతా విని సత్యవేణి బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. "బోణీ వేళ పెట్టె విప్పించి, అడిగిన రేటుకి ఒప్పుకున్నాక వచ్చేసేవా? అయ్యో, చెల్లీ. ఆయన ఆ రోజంతా ఎంత బాధపడ్డాడో. బోణీకి ఎల్తే కొనాలి. కొనే ఉద్దేశం ఉంటేనే ఎల్లాలి. నేను కాగితం చూపిస్తే వాళ్ళు తగ్గేది అందుకే గదా. తగ్గితే నేను కొని తీరతానని వాళ్ళకి తెలుసు."

"నాకది తోచలేదు."

"రేపు పొద్దున్నే ఎల్లి ఆయన దగ్గర ఏదో ఒకటి కొనుక్కురా. ఇంకో మాస్కు ఎలాగూ కావాలి. నేను ఫోను చేసి చెబుతాలే."

"ఫోను వద్దక్కా" అంది హిమజ.

మర్నాడు శరభయ్య ఆమెని చూస్తూనే కుర్చీలోంచి లేచాడు. "రండమ్మా, సత్యవేణిగారు ఫోను చేసేరండీ. వారి చెల్లెలని మొన్నే చెబితే పోయేది గదండీ. బాబుకెలా ఉంది?"

"తగ్గిందండీ. పిల్లల మాస్కు ఒకటివ్వండి."

"నూట ఎనభై అండీ. మీరు నూట యాభై ఇవ్వండి చాలు. ఆవిడ మాట."

హిమజ నూట ఎనభై లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. "పూర్తిగా తీసుకోండి."

"ఎందుకండీ, నేనే తగ్గిస్తుంటే."

"వద్దండీ. తీసుకోండి."

శరభయ్యకి అర్థం కాలేదు. అయినా బోణీ సొమ్ము కదా, కళ్ళకద్దుకుని సొరుగులో వేసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి సత్యవేణి అరుగు మీద చిక్కుళ్ళు ఒలుస్తోంది. "ఎంతకిచ్చేడు?"

"నూట ఎనభై."

సత్యవేణి చేతులాగిపోయాయి. "ముప్ఫై తగ్గిస్తానని నాతో అన్నాడే. పెద్దమనిషై ఉండి మాట తప్పుతాడా. ఉండు, ఇప్పుడే కనుక్కుంటాను" అని ఫోను అందుకుంది.

హిమజ రెండు మెట్లెక్కి ఆగిపోయింది. ఊరుకుంటే ఆ ముసలాయన రెండోసారి అనవసరంగా బాధపడతాడు. వెనక్కి తిరగకుండానే, "ఆయన తగ్గించేడక్కా. నేనే వద్దన్నాను" అంది.

"ఎందుకే?"

"ఊరికే."

సత్యవేణి హిమజ వీపు వంక చూసి, ఫోను పక్కన పెట్టి, మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంది. "సరేలే, ఆ బిల్లు ఇటు పడెయ్, సంచిలో వేస్తాను. ఎవరికైనా పనికొస్తది" అంది.

హిమజ దిగొచ్చి బిల్లు ఇచ్చింది. పైకి వెళ్ళి, నిద్రపోతున్న పిల్లాడి పొట్ట మీద చెయ్యి వేసి ఊపిరి లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిది. పక్కనే వెల్లకిలా పడుకుంది. నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది. ఇప్పుడు అందులో ఇంకో ముప్ఫై కలిసి నాలుగు వందల ఎనభై.