అడగడం రాని అల్లుడు

బెల్లంకొండ నుంచి మాచవరానికి ఇల్లరికం వచ్చేటప్పుడు యల్లమంద తెచ్చుకున్నది ఓ సూట్‌కేసూ, ఓ లాప్‌టాపూ. కంప్యూటరు ఉద్యోగమంటే హైదరాబాదులో చేసేదని ఊళ్లోవాళ్ల లెక్క. ఇంట్లో మేడమీద కూర్చుని చేసేదాన్ని ఉద్యోగమని వాళ్లు చివరిదాకా ఒప్పుకోలేదు. "వెంకట్రామయ్య అల్లుడు రోజంతా మేడ దిగడంట్రా, ఏం చేస్తాడో ఏందో" అనుకునేవాళ్లు.

చేసేది కాటాల పని. నరసరావుపేటలో ఒకాయన చిన్న కంపెనీ పెట్టి పత్తి మిల్లులకీ, మిర్చి కోల్డ్ స్టోరేజీలకీ తూకం సాఫ్ట్‌వేరు అమ్ముతాడు. లారీ కాటా ఎక్కితే బరువు యజమాని ఫోన్లో కనపడాలి. తూకం అందరికీ ఒకటే గానీ తరుగు తీసే పద్ధతి ఏ మిల్లుది ఆ మిల్లుదే. అందుకని అసలు ప్రోగ్రాం ఒక్కటే ఉంచి, ఏ మిల్లు పద్ధతి ఆ మిల్లుకి విడిగా చిన్న లైబ్రరీగా రాస్తారు. దాన్నే ప్లగిన్ అంటారు. ఫోల్డర్లో పెడితే అసలు ప్రోగ్రాం నిద్రలేచేటప్పుడు దాన్ని తనలో కలుపుకోవాలి. ఆ పైన ఫోను అడిగేవాటికి ప్లగిన్లో ఉన్న కంట్రోలర్లనే ముక్కలు జవాబు చెబుతాయి.

ఈ కంట్రోలర్లకో మర్యాద ఉంది. డేటాబేసో మరొకటో కావాలంటే తమంతట తాము వెళ్లి తెచ్చుకోకూడదు. లోపలికి వచ్చేటప్పుడే, గుమ్మంలోనే, మాకు ఫలానావి కావాలని చెప్పాలి. ఇంటి పెత్తనం చేసే అసలు ప్రోగ్రాం వాటిని చేతికి అందిస్తుంది. కొత్తగా చేరినవాళ్లకి యల్లమంద ఫోన్లో ఇదే చెప్పేవాడు. "అడగందే అమ్మయినా పెట్టదబ్బాయ్. ఏం కావాలో మొదట్లోనే రాయి."

చెప్పేవాడికి మాత్రం అడగడం చేతకాదు. అన్నం చాలకపోయినా చెయ్యి కడుక్కుని లేచే రకం. దానికి తోడు ఆ ఇంట్లో అత్తా అల్లుడూ ఎదురుపడి మాట్లాడుకునే ఆచారం లేదు. అత్తగారు కొండమ్మ వంటింటి తలుపు చాటునుంచే "అమ్మాయ్, అబ్బాయిని అన్నానికి రమ్మను" అని కూతురితో అనేది. ఇద్దరికీ మధ్య సింధు. "అమ్మా, ఆయనకి ఇంకాస్త పప్పంట" అని, అతను అనని మాటను కూడా తల్లికి చేరవేసేది. "నేను లేకపోతే ఈ ఇంట్లో మీరు ఆకలితో మాడిపోతారు" అని మొగుణ్ణి ఆటపట్టించేది.

పోయిన వానాకాలం సింధు జ్వరంతో పడుకుంది. డెంగీ అన్నారు. పిడుగురాళ్ల తీసుకెళ్లారు, అక్కణ్నుంచి గుంటూరు తీసుకెళ్లారు. మనిషిని మాత్రం వెనక్కి తెచ్చుకోలేకపోయారు. ఒక్కగానొక్క కూతురు. పిల్లలు కూడా లేరు.

పెద్దకర్మనాడు భోజనాల పంక్తిలో వెంకట్రామయ్య చెల్లెలు సరస్వతమ్మ అందరికీ వినపడేట్టే అంది. "కూతురే లేకపోయినాక ఇంక అల్లుడేంది అన్నయ్యా? ఆ పిలగాడి దారి ఆ పిలగాడు చూసుకోవాల గదా!"

వెంకట్రామయ్య విస్తట్లోకి చూస్తూ కూర్చున్నాడు. ఔననలేదు, కాదనలేదు. పక్కనే ఉన్న యల్లమంద ఆ మౌనాన్ని ఔననే అనుకున్నాడు. ఆ తర్వాత ఇంట్లో మాటే లేకుండా పోయింది. కొండమ్మ కంచం తెచ్చి మేడమెట్ల మీద పెట్టి, గాజులు చప్పుడు చేసి వెళ్లిపోయేది. అతను తిని, కడిగి, అక్కడే పెట్టేవాడు.

ఆ రోజుల్లోనే మాచర్ల పత్తిమిల్లు ప్లగిన్ మొండికేసింది. ఫైలు ఫోల్డర్లోనే ఉంది. ప్రోగ్రాం దాన్ని లోపలికి తెచ్చుకుంది కూడా. అది అడిగేవన్నీ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి. తప్పు ఎక్కడా చూపించదు. ఫోన్నుంచి అడిగితే మాత్రం అలాంటిది ఇక్కడేదీ లేదంటుంది. పొద్దుటినుంచి వెతగ్గా వెతగ్గా సంగతి బయటపడింది. లైబ్రరీని తెచ్చారే గానీ, ఇది కూడా నాలో భాగమేనని అసలు ప్రోగ్రాం చేత ఎవరూ చెప్పించలేదు. ఆ ఒక్క వాక్యం రాయడం తనే మర్చిపోయాడు. రాశాడు. మిల్లు కాటా పలికింది.

యల్లమంద బల్లమీద తల ఆనించి ఏడ్చాడు. తనూ అంతే. ఈ ఇంట్లోకి వచ్చాడు, మేడమీద ఉన్నాడు. వీడు మావాడని ఒక్క మాట అనేవాళ్లు లేరు. పొద్దున్నే వెళ్లిపోదామని బట్టలు సర్దుకున్నాడు.

పాపం, సగమే చూశాడు. ఇంటివాళ్లు చెప్పాలన్నది చూశాడు. వచ్చినవాడు గుమ్మంలో నోరు తెరవాలన్నది మాత్రం తట్టలేదు. పదిమందికి పాఠం చెప్పేవాడికి ఆ పాఠం తన ఇంట్లో గుర్తురాకపోతే ఏమనాలి చెప్పండి!

తెల్లవారి ఖాదర్ వలి ఆటో వాకిట్లో ఆగింది. "హైదరాబాదు పోతన్నా మామయ్యా" అన్నాడు యల్లమంద, సూట్‌కేసు ఎత్తుకుని. వెంకట్రామయ్య కండువాతో ముఖం తుడుచుకుని, "జాగర్త" అన్నాడు.

అప్పుడు వంటింటి తలుపు చాటునుంచి కొండమ్మ గొంతు వినపడింది.

"అమ్మాయ్, అబ్బాయిని పోవద్దని చెప్పవే."

అలవాటుకొద్దీ ముగ్గురూ సింధు పలుకుతుందని ఆగారు. ఆ ఆగడంలోనే ముగ్గురికీ అర్థమైంది. లోపల కొండమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.

యల్లమంద గుమ్మంలో సూట్‌కేసు దించాడు. "అత్తయ్యా" అన్నాడు. ఆ పిలుపు అతని నోట రావడం అదే మొదలు. "నాకు... కాసిని మంచినీళ్లు కావాలి."

కొండమ్మ చెంబుతో బయటికొచ్చింది. ఇన్నేళ్లలో అత్తగారి ముఖం అతను సరిగ్గా చూసింది లేదు. ఆ గడ్డం సింధు గడ్డమే. అతను చెంబు అందుకున్నాడు.

"చిన్నోడివి, చానా బతుకుంది నీకు" అన్నాడు వెంకట్రామయ్య. "కట్టేసి ఉంచుకోటానికి మేమెవరం అనుకున్నా అబ్బాయ్. ఉండమని అడగటానికి నోరు రాలా." వాకిట్లోకి తిరిగి, "వలీ, నువ్వు పోవయ్యా" అన్నాడు. ఆటో వెళ్లిపోయింది.

"ఇంకేమన్నా కావాల్నా నాయనా?" అని కొండమ్మ సూటిగా అతన్నే అడిగింది.

అడగడానికి ఇప్పుడు నోరైతే వచ్చింది. కావలసినదాన్ని ఇవ్వడం మాత్రం ఆ ఇంట్లో ఎవరివల్లా కాదు. యల్లమంద ఏమీ వద్దన్నట్టు తల ఊపి, సూట్‌కేసు తీసుకుని మేడెక్కాడు.