వియన్నా గోపురం మెట్లు, వట్టికాళ్ళ అత్తయ్యగారు

మోకాలి ఆపరేషన్ అయినప్పటినుంచీ మా అత్తయ్యగారిని ఇంటిల్లిపాదీ గాజుబొమ్మలా చూస్తున్నాం. ఏటా కోరుకొండ నరసింహస్వామి గుడి మెట్లు చకచకా ఎక్కే మనిషిని ఈసారి కిందే కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఎక్కొచ్చని డాక్టరుగారు చెప్పినా వింటేగా మేం! అందుకే నేను యూరప్ టూరు అనగానే, "నేనూ వస్తానమ్మాయ్. అక్కడైనా ఏదో ఒకటి ఎక్కి తీరతాను" అన్నారు. ఆవకాయ సీసాతో సహా కొవ్వూరు నుంచి ఇద్దరం బయల్దేరాం.

వియన్నాలో రెండోరోజు పొద్దున్నే మెట్రోలో ఊరి నడిబొడ్డుకి వెళ్ళాం. రోజంతా తిరిగే టికెట్ తీసుకుంటే చవక. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా స్టీఫెన్ చర్చి, మెడ నొప్పెట్టేంత ఎత్తు! ఉత్తర గోపురానికి లిఫ్టుంది, దక్షిణ గోపురానికి మెట్లే.

"లిఫ్టులో వెళ్దామండీ" అన్నాను.

"లిఫ్టెక్కడానికి ఇంత దూరం రావాలా? రాజమండ్రి బట్టల షాపులో ఎక్కనూ?" అన్నారు అత్తయ్యగారు.

తలకి ఆరేడు యూరోలిచ్చి టికెట్లు తీసుకుని తిరిగి చూద్దును కదా, ఆవిడ బూట్లు విప్పి గోడవారగా పెట్టి, మొదటి మెట్టు ముట్టుకుని కళ్ళకద్దుకుంటున్నారు. టికెట్లిచ్చే పెద్దాయన కంగారుపడి "షూస్, మేడమ్! కోల్డ్!" అన్నాడు.

"దేవుడి మెట్లు చెప్పులతో ఎక్కుతారేంటండీ?" అని ఆవిడ తెలుగులోనే ఆయన్ని నిలదీశారు. నేను ఇంగ్లిషులో విడమర్చి చెప్తే ఆయన నవ్వి, బూట్లు తన బల్ల కింద పెట్టుకున్నాడు.

ఇరుకు మెట్లు, సుళ్ళు తిరుగుతూ పోతాయి. దిగేవాళ్ళు ఎదురైతే గోడకి అతుక్కుపోవాలి. సగంలో ఆవిడ ఆగి మోకాలి మీద చెయ్యేశారు. ఏదైనా అయితే మా ఆయనకి ఏం చెప్పుకోను? "దిగిపోదామండీ" అన్నాను.

"నువ్వూరుకో అమ్మాయ్. కాస్త ఊపిరి తీసుకోనీ" అన్నారు. కాసేపటికి "నరసింహా" అంటూ కదిలారు, ఇక ఆగలేదు. రొప్పుతూ వెనకబడింది నేనే.

పైన గది కిటికీలోంచి చూస్తే చర్చి కప్పు మీద రంగు పెంకులు, చుట్టూ ఊరు, దూరంగా డాన్యూబ్ నది. "మన గోదారి ముందు ఇది పంటకాలవ" అని తేల్చేసి, ఫోన్ లాక్కుని మా ఆయనకి వీడియో కాల్ చేశారు. "ఏరా, కోరుకొండలో అమ్మని కింద కూర్చోబెట్టమన్నావంటగా! చూడు ఎక్కడున్నానో!" పక్కనున్న టూరిస్టులు సంగతి కనుక్కుని చప్పట్లు కొట్టారు. నాకైతే ఏడుపొచ్చేసింది, సంతోషంతో.

తర్వాత రాజభవనాలు చూశాం, మ్యూజియంలు చూశాం, అన్నీ బాగున్నాయి. కానీ వియన్నా పేరు చెప్తే నాకు ఆ కిటికీ దగ్గర అత్తయ్యగారి మొహమే గుర్తొస్తుంది. ఆపరేషన్ ఆవిడ మోకాలికి జరిగితే, కాళ్ళు చచ్చుబడింది మాకన్నమాట. వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: ఎక్కడానికీ దిగడానికీ అవే మెట్లు కాబట్టి పొద్దున్న గోపురం తెరవగానే వెళ్ళండి, రద్దీ ఉండదు. పెద్దవాళ్ళు వెంట ఉంటే మాత్రం, వాళ్ళని అడగకుండా లిఫ్టు టికెట్ కొనకండి.