ఒక్క బకెట్ నీళ్లు

ఈ రోజు కదిరిలో మేం కడుతున్న ఇంట్లో కమోడ్ బిగించడానికి ప్లంబర్ ఓబులేసన్న వచ్చాడు. చూస్తే పైపు మూతి టైల్స్ కంటే రెండు వేళ్లు లోతులో ఉంది. దానికి తొడిగే ఫ్లాంజ్ రింగు టైల్స్ మీదికి వచ్చి కూర్చోకపోతే సీలు పట్టదు. ఆయనేమో చుట్టూ తెల్ల సిమెంటు మెత్తేద్దామన్నాడు. నేను సిమెంటు గిన్నె నా వెనక్కి లాక్కున్నాను.

"ముందు నీళ్లు పోసి చూద్దామన్నా."

"ట్యాంకర్ నీళ్లమ్మా! ఈడ ఎవురు పోసి చూస్తారు? సిమెంటు మెత్తితే ఏమీ కనపడదులే."

"కనపడదు సరే, కంపు కొడితే యాడికి పోవల్లన్నా?"

కమోడ్ నిలబెట్టించి బకెట్ కుమ్మరించాను. సగం నీళ్లు కింద నుంచి మా కాళ్ల మీదికి వచ్చాయి. ఓబులేసన్న పైపును టైల్స్ దాకా పెంచే ముక్క తేవడానికి బజారుకు పోయాడు.

కొత్త కమోడే కదా, నీళ్లు మురికి కాలేదని నేలమీదివి గుడ్డతో అద్ది బకెట్లోకి పిండి, నిన్న కట్టిన ప్రహరీ గోడను తడిపాను. పొదుపు నాకూ తెలుసు. నీళ్లు కరువని కంపుతో కూడా సర్దుకోమంటే మాత్రం కుదరదు. మీ ఇంట్లో పోసి చూశారా, సిమెంటును నమ్మారా?