మెత్తచెయ్యి బాబాయ్ దరఖాస్తు

మా జిరాక్సు షాపుకీ బాబాయ్ సెలూన్‌కీ మధ్య ఒకటే గోడ. అవతల కత్తెర ఆడితే ఇవతల నాకు వినిపిస్తుంది. పదహారేళ్లుగా వింటున్నాను కాబట్టి, కుర్చీలో ఉన్నది చిన్నపిల్లాడో బట్టతలాయనో చప్పుడును బట్టి చెప్పేయగలను. బట్టతలాయనైతే కత్తెర ఎక్కువసేపు ఆడుతుంది. తీసుకున్న డబ్బుకు పని కనిపించాలి కదా.

ఆయన నాకు చుట్టమేమీ కాదు, బాబాయ్ అనడం నోటి అలవాటు. వీధిలో అందరూ మెత్తచెయ్యి అంటారు. తల ముట్టుకుంటే చాలు, ఏడ్చి గోల చేసే పిల్లలు కూడా ఆయన చేతికింద కునుకు తీస్తారు. అరవై దాటిన మనిషి. పెళ్లి లేదు, పిల్లలు లేరు. సెలూన్ వెనక ఒక గది, అందులో ఒక మంచం, ఒక గిన్నె, ఒక పళ్లెం. రెండో పళ్లెం ఎందుకు లేదని ఒకసారి అడిగాను. "ఎవరికి?" అన్నాడు. అడిగినందుకు నాకే తల కొట్టేసినట్టయింది.

తన జుట్టు తనే కత్తిరించుకుంటాడు. సెలవు రోజున తలుపు మూసుకుని, ముందొక అద్దం, వెనకొక అద్దం పెట్టుకుని. మర్నాడు చూస్తే మెడమీద వంకరే. దీపం కింద చీకటంటే ఇదేనని ఏడిపించేదాన్ని.

ఆయనతో మాట్లాడడానికి ఒక పద్ధతుంది. ఎదురుగా నిలబడి పలకరిస్తే నేల చూపులు చూస్తాడు, నీళ్లు నములుతాడు. అదే కుర్చీలో కూర్చుంటే, వెనక నిలబడి, అద్దంలో మన ముఖం చూస్తూ శుభ్రంగా మాట్లాడతాడు. అందుకే ఏదైనా చెప్పాలంటే వెళ్లి ఆ కుర్చీలో కూలబడతాను. "జుట్టా?" అంటాడు. "కాదు, కబుర్లు" అంటాను. అయినా అలవాటుకొద్దీ భుజాల మీద గుడ్డ కప్పుతాడు.

పోయినేడు ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. సర్కారు పిల్లల హోముల్లో పెరిగి, అక్కడ హింస పడ్డవాళ్లు ఇప్పుడైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. పరిహారం ఇస్తారు, మనసు విప్పి చెప్పుకోవడానికి మనిషిని పంపిస్తారు, క్షమించమని ప్రభుత్వం తరఫున సంతకం చేసిన ఉత్తరం ఇస్తారు. నెలాఖరు గడువు, దాటితే తీసుకోరు. నా షాపులోనే చాలామందికి ఆ ఫారాలు నింపి పెట్టాను. వాళ్లు వెళ్లాక కాసేపు షట్టర్ సగం దించుకుని కూర్చునేదాన్ని.

బాబాయ్ కూడా అలాంటి హోమ్‌లోనే పెరిగాడని అప్పటిదాకా నాకు తెలియదు. గడువు ఇంకా ఆరు రోజులుందనగా ఫారం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఒక కాపీ తీయమ్మాయ్. చదవక్కర్లేదు."

చదవకుండా జిరాక్సు తీయడం నావల్ల అయ్యే పని కాదు. నా నోట్లో నువ్వుగింజ కూడా నానదు. ఇదంతా చెప్పమని ఆయనే అన్నాడు కాబట్టి సరిపోయింది.

'మీకు జరిగిన అన్యాయాన్ని వివరించండి' అన్నచోట, గుండ్రటి అక్షరాలతో, వరసగా అంకెలు వేసి పదకొండు పేర్లు రాశాడు. ఒకటో పేరు పక్కన 'పారిపోయి దొరికాడు. తలమీద పుండ్లున్నాయి. అయినా గీశాను.' నాలుగో పేరు పక్కన 'పక్క తడిపాడు. గీస్తున్నంతసేపూ అమ్మని పిలిచాడు.' తొమ్మిదో పేరు పక్కన 'ఏడవలేదు. నవ్వాడు. అదే ఎక్కువ గుర్తుంది.' ఆఖర్న 'వీళ్లకి గుండు గీసింది నేనే' అని సంతకం.

నాకు ఒళ్లు మండింది. కాగితం పట్టుకుని వెళ్లి కుర్చీలో కూలబడ్డాను.

"బాబాయ్, నీకు జరిగింది రాయమంటే నువ్వు చేసింది రాశావేంటి?"

"నాకేం జరిగిందమ్మాయ్? జుట్టు తీసే మిషను నా చేతిలోనే ఉందిగా."

"అప్పుడు నీకెన్నేళ్లు?"

"మొదటిసారికి తొమ్మిది."

"తొమ్మిదేళ్లవాడి చేతికి మిషను ఎవరిచ్చారు?"

"వార్డెన్. నా చెయ్యి వణకదని. తప్పు చేసినవాడికి అందరి ముందూ గుండు. సాటి పిల్లాడి చేత గీయిస్తే ఇంకా సిగ్గుపడతాడని ఆయన ఉద్దేశం."

"గీయనంటే?"

అద్దంలో ఆయన చూపు పక్కకు పోయింది. "ఇప్పుడవన్నీ ఎందుకులే" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఇక్కడ అసలు దొంగ, ఆ వార్డెన్, పింఛను తిని హాయిగా పోయాడు. యాభై ఏళ్లుగా భుజాలు తడుముకుంటున్నది మాత్రం ఈయన. ఇలా పంపితే ఆఫీసులో పక్కన పడేస్తారు బాబాయ్, నీకు జరిగింది లేకపోతే దీన్ని దరఖాస్తు అనరు అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. "పడేయనీ. వాళ్ల పేర్లు అక్కడికి చేరితే చాలు" అన్నాడు. మూడు రోజులు అదే మాట.

ఇక ఆగలేక, ఫారం మీదున్న సహాయ కేంద్రం నంబరుకు నేనే ఫోన్ చేశాను. ఆయనకు చెప్పకుండా చేశాను, అది తప్పే. గడువుకు ముందురోజు ఒక ఆఫీసరమ్మ ఫైలు పట్టుకుని వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. స్టూలు లాక్కుని బాబాయ్ ఎదురుగా కూర్చుని, "చెప్పండి, తొందరేం లేదు" అంది. మెత్తగానే అడిగింది పాపం. ఆయన తువ్వాలు మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు. అరగంటలో రెండుసార్లు "ఊఁ" అన్నాడు. చివరికి ఆవిడ ఫైలు మూసింది.

"ఇష్టం లేకపోతే బలవంతమేమీ లేదండి."

ఆవిడ గుమ్మం దాటితే అంతే సంగతులు.

"మేడం, మీ జుట్టు చివర్లు చీలినట్టున్నాయి" అన్నాను. "ఆ కుర్చీలో కూర్చోండి."

నాకు మతి పోయిందేమో అన్నట్టు చూసింది. నేను మళ్లీ కళ్లతో కుర్చీ చూపించాను. ఏమనుకుందో, ఫైలు నా చేతికిచ్చి వెళ్లి కూర్చుంది. బాబాయ్ గుడ్డ కప్పాడు, దువ్వెన, కత్తెర తీసుకున్నాడు. బిగుసుకుపోయిన ఆయన భుజాలు కిందికి దిగాయి.

అప్పుడు చెప్పాడు, అద్దంలో ఆవిడ ముఖానికి. ఆవిడ చేతులు గుడ్డ కింద ఉండిపోయాయి, రాసుకోవడానికి లేదు, వినడమే. పదకొండు మందినీ ఒక్కొక్కరినే చెప్పాడు. మిషను తేలిగ్గా ఆనిస్తే నొప్పి తక్కువని ఎలా కనిపెట్టాడో, వెంట్రుకలు గుచ్చుకోకుండా వార్డెన్ చూడనప్పుడు వాళ్ల మెడమీద ఎలా ఊదేవాడో. మెత్తచెయ్యి ఎక్కడ నేర్చుకున్నాడో నాకు అప్పుడు తెలిసింది. పదహారేళ్లు ఆ పేరును సరదాగా అన్నందుకు సిగ్గేసింది.

"మరి మీకెవరు కత్తిరించేవాళ్లు?" అని ఆవిడ మామూలుగానే అడిగింది.

కత్తెర ఆగింది.

"పన్నెండోవాడు మరీ చిన్నవాడమ్మా. ఐదేళ్లుంటాయి. వాడికి గీయనన్నాను. కొట్టుగదిలో వేసి తాళం పెట్టారు. రెండు రోజులు. తర్వాత బయటికి తీసి, అందరి ముందూ నిలబెట్టి, మిషను నా చేతికే ఇచ్చారు. నీ గుండు నువ్వే గీసుకోరా అన్నారు. అద్దం లేదు."

ఆయన ఎడమచెవి పైన కాస్త తెగి ఉంటుంది. ఎవరైనా అడిగితే, నేర్చుకునే రోజుల్లోది అని నవ్వేసేవాడు.

"అప్పుడొక్కసారే చెయ్యి వణికింది" అన్నాడు.

"ఇది రాయలేదేమండీ?"

"అది నా తలేగా అమ్మా. ఎవడి తల వాడు గీసుకుంటే ఫిర్యాదేముంది?"

నాకు ఏడుపొచ్చింది. గుమ్మంలో నిలబడే ఏడ్చాను. ఆఫీసరమ్మ మాత్రం అద్దంలోంచి ఆయన వైపే చూస్తూ, "మీరు పదకొండు మంది పేర్లు రాశారు. ఆ పన్నెండో పిల్లాడికి అప్పుడెన్నేళ్లు?" అంది.

"ఐదని చెప్పాగా."

"వాడికి గీయలేదుగా మీరు. గీసిన పన్నెండోవాడి సంగతి అడుగుతున్నాను."

ఆయన చెయ్యి ఎడమచెవి పైకి పోయింది. "పదేళ్లు" అన్నాడు చివరికి. కత్తెర పక్కన పెట్టి, నా దగ్గర పెన్ను తీసుకుని, ఫారంలో పదకొండో పేరు కింద పన్నెండు అంకె వేశాడు. దాని పక్కన తన పేరు. దాని పక్కన 'పదేళ్లు. చెయ్యి వణికింది.' ఫారం ఆ సాయంత్రమే ఆఫీసుకు చేరింది.

ఐదు నెలలకు ఉత్తరం వచ్చింది. చదివి పెట్టమని తెచ్చాడు. "నువ్వు కూర్చో, నేను వెనక నిలబడి చదువుతా" అన్నాను. తన కుర్చీలో తను కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు. క్షమించమని కోరుతున్నాం అన్న మాట రెండుసార్లు చదివించుకున్నాడు.

"బాగానే రాశారు. వాళ్లకీ వచ్చుంటుందా?"

"తెలీదు బాబాయ్."

లేస్తాడనుకున్నాను. లేవలేదు.

"వెనక నాకు అందదమ్మాయ్. కాస్త చూడవా?"

"నాకు కాగితాలు కత్తిరించడమే వచ్చు."

"వంకరపోతే పోనీ."

యాభై ఏళ్లలో ఆ తలమీద ఇంకొకరి చెయ్యి పడలేదని అప్పుడు తట్టింది. కత్తెర తీసుకున్నాను. నా చెయ్యి వణికింది, వంకరే వచ్చింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. అయిపోయాక వంగి, మెడమీద వెంట్రుకలు మెల్లగా ఊదాను. ఆయన భుజాలు ఒక్కసారి ఎగిసి, ఏడుపుతో ఊగిపోయాయి.