పెద్దత్త మేడ మీద బతుకమ్మ

మొన్న మా పక్కింటి దంపతులు ఒక పాత ఇల్లు కొనబోతూ, ఇంజనీరుగా చేసి రిటైరైనదాన్ని కదా అని, ఒకసారి వచ్చి చూసిపెట్టమన్నారు. కొత్తగా రంగులు వేసిన గోడలను వేళ్లతో తట్టుకుంటూ వెళ్తుంటే ఒకచోట డొల్లగా చప్పుడైంది. అంతే, చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. ఈ వయసులోనూ పాత గోడ ముందు నిలబడితే నాకు ముందుగా కలిగేది భయమే. ఆ భయం ఎక్కడ పట్టుకుందో మీకు చెప్పాలి.

అప్పట్లో భూపాలపల్లిలో సర్కారు ఇంజనీరుగా నా ఉద్యోగం. వానలు మొదలైతే పాత ఇళ్లన్నీ తిరిగి, ఏది ఉండటానికి పనికొస్తుందో, ఏది ఖాళీ చేయించాలో చెప్పడం నా పని. బొగ్గుగనిలో రాత్రి షిఫ్టు చేసి పడుకున్న మనిషిని లేపకుండా, ఆయన మంచం పక్క గోడనే నెమ్మదిగా తడుముతూ చూసిన రోజులున్నాయి. పాత పగులైతే లోపల దుమ్ము, సాలెగూళ్లు ఉంటాయి. కొత్తదైతే లోపలి మట్టి అప్పుడే కోసినట్టు పచ్చిగా కనిపిస్తుంది. అలాంటిది కనబడితే ఇల్లు ఖాళీ చేయించమని రాసేదాన్ని కానీ, పరాయి ఇళ్లు కదా, సాయంత్రానికి మరిచిపోయేదాన్ని.

తెలంగాణ ఉద్యమం ఉప్పెనలా సాగుతున్న ఆ రోజుల్లో సమ్మెతో మా ఆఫీసుకు తాళం పడింది. బతుకమ్మ రోజులు కూడా కావడంతో రఘునాథపల్లిలో మా పెద్దత్త ఇంటికి వెళ్లాను. ఆమె మా అత్తగారికి తోడికోడలు. మందపాటి మట్టిగోడల మీద టేకు దూలాలు పరిచి వాళ్ల మామగారు కట్టించిన మేడ అది. ఊరంతటికీ అదే పెద్ద ఇల్లు. ఆమె కొడుకు, నాకు మరిది, ఊళ్లో ఉద్యమం పనులన్నీ నెత్తినేసుకుని తిరిగేవాడు. నేను వెళ్లిన మర్నాడు ఇంటి ముందు రోడ్డు మీదే వండుకు తిని నిరసన తెలిపే వంటావార్పు పెట్టించాడు. ఊరి ఆడవాళ్లూ, చుట్టుపక్కల లంబాడీ తండాల వాళ్లూ బతుకమ్మలతో సహా వచ్చి కూర్చున్నారు, ఎదురుగా పోలీసులు లాఠీలు పట్టుకుని నిలబడ్డారు.

మధ్యాహ్నం ఉన్నట్టుండి కుండపోత మొదలైంది. మరిది అందరినీ ఇంట్లోకి పిలిచాడు. ఆడవాళ్లంతా మేడ మీది పెద్ద గదిలోకెక్కి, నడుమ బతుకమ్మలను పెట్టుకుని, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాడటం మొదలుపెట్టారు. నేను గంటె కోసం కింది సామాన్ల గదిలోకి వెళ్లి, తలుపు వేయబోతే అది చౌకట్లో ఇరుక్కుపోయింది. పొద్దున్న సాఫీగా పడిన తలుపు, గోడ కుంగితేనే అలా బిగుస్తుంది. తలెత్తి చూశాను. పైన అడుగులు ఒక్కసారిగా పడ్డప్పుడల్లా, దూలం గోడలో కూర్చున్న చోట మట్టి జలజలా రాలుతోంది. దాని కింద నిలువునా పగులు, లోపల పచ్చి మట్టి.

వెంటనే బయటికొచ్చి మరిదికి చెప్పాను.

“పైన ఆట ఆపించు. అందర్నీ బయటికి తీస్కపోవాలె. ఇల్లు ఆగేటట్టు లేదు.”

“ఏంది వదినె, గిప్పుడా? బయట అడుగు పెడ్తే పోలీసోళ్లు బండ్లెక్కిస్తరు. ధర్నా ఆపనీకి మీ ఆఫీసోళ్లేమన్న చెప్పి పంపిన్రా?”

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. అతన్ని వదిలేసి పెద్దత్త దగ్గరికి వెళ్లాను. “మా మామ కట్టిన ఇల్లు. పండుగ పూట కూలుతదంటవా బిడ్డా?” అని ఆమె కోపగించుకుంది. ఆమె చెయ్యి పట్టుకుని ఆ గదిలోకి తీసుకెళ్లాను. రాలిన మట్టి ఆమె భుజం మీద పడింది. ఆమె తలెత్తి పగులు చూసింది.

“అందరు ఉరికితే ఎట్ల?” అంది గుసగుసగా.

“ఉరుకొద్దత్తా. ఉరికితే అప్పుడే పడ్తది.”

ఆపేలోపే ఆమె మెట్లెక్కింది. పైన పాట ఆగింది. ఆమె గొంతు ఏమాత్రం వణకకుండా వినిపించింది: “గౌరమ్మను చెరువుకు సాగనంపే యాళ్లయింది బిడ్డా. వాన పడ్తె పడనీ. ముసలోళ్లు ముందు, ఒకలెనక ఒకలు, పాడుకుంట మెల్లగ దిగున్రి.”

తలల మీద బతుకమ్మలతో ఒక్కొక్కరే దిగుతుంటే, కింద నిలబడి దూలం వంక చూస్తూ నేను వాళ్లను బయటికి పంపాను. చివరగా దిగిన తండా ఆమె తన తల్లి జ్వరంతో పైన మూలన పడుకుందని చెప్పి వెనక్కి తిరగబోయింది. నేనే వెళ్తానన్నాను. పైకెక్కి గోడ వారగా అడుగులో అడుగేసుకుంటూ వెళ్తుంటే గది నడుమ నేల కుంగినట్టు కనిపించింది. వాళ్ల భాషలో నాకు తెలిసిన మాటలు రెండే. “యాడీ, ఆవ్” అన్నాను. అమ్మా, రా అని. ఆ ముసలమ్మ నా మెడ పట్టుకుంది. ఆ మెట్లు దిగినంత సేపూ ఇంటి దగ్గర వదిలొచ్చిన నా పిల్లలు కూడా నాకు గుర్తురాలేదు. చెవుల నిండా కట్టె కిరకిరలాడే చప్పుడే.

బయట వానలో బతుకమ్మలు ముందుగా రావడం చూసి పోలీసులు తమంతట తామే పక్కకు జరిగారు. ఆ ఊరేగింపు మలుపు తిరగకముందే వెనక నేల అదిరింది. మేడ నడుమ భాగం లోపలికి కూలిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. మరిది బురదలోనే చతికిలబడి, “వదినె, నన్ను తిట్టు” అన్నాడు. పెద్దత్త మాత్రం వెనక్కి తిరిగి చూడకుండా పాడుతూనే నడిచింది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ చోట మరిది స్లాబు ఇల్లు కట్టాడు, కింద షట్టర్లు అద్దెకిచ్చాడు. పెద్దత్త ఇప్పుడు లేదు. కిందటేడు బతుకమ్మకు వెళ్తే అలాగే వాన పట్టుకుంది. ఆడవాళ్లు పువ్వులు తడవకుండా కొంగులు కప్పుకుని షట్టర్ల ముందు రేకుల కింద గుంపుగా నిలబడ్డారు. పైన హాలు ఎంతమందినైనా మోస్తుంది. దాని స్తంభాలు నేనే చూసి చెప్పాను. మెట్ల గేటుకు తాళం వేసి ఉంది, పైకి రమ్మని ఎవరూ పిలవలేదు, వాళ్లూ ఎదురుచూస్తున్నట్టు లేరు. వాన వెలిసేదాకా నేను కూడా వాళ్ల మధ్యే నిలబడ్డాను.